కూర్చునే చోట్లు

నవంబరు 10, సోమవారం

పాలు లీటరు. ఇస్త్రీకి వేసినవి తొమ్మిది, వచ్చినవి ఎనిమిది. ప్రసాదు తెల్ల చొక్కా రాలేదు. రేపు అడగాలి.

లహరి బడి నుంచి వస్తూనే, బ్యాగు కూడా దించకుండా నా మంచం దగ్గర నిలబడింది. సోషల్ మేడమ్ తొమ్మిదో తరగతికి ప్రాజెక్టు ఇచ్చిందట. వారసత్వ యాత్ర. ఇంట్లో ఒక మనిషిని ఎంచుకోవాలి. ఆ మనిషికి తగినట్టు మన చుట్టుపక్కల ఒక్కరోజు యాత్రకు ప్లాన్ వేయాలి. వేసి ఊరుకోవడం కాదు, ఆ మనిషిని తీసుకుని వెళ్లి రావాలి. ఎక్కడ కుదిరిందో, ఎక్కడ కుదరలేదో రాయాలి.

మంచి ప్రాజెక్టే. అదే బడిలో అదే సోషల్ చెప్పి రిటైరయ్యాను... నాకెప్పుడూ తట్టలేదు.

"నా ప్రయాణికురాలివి నువ్వే నాయనమ్మా."

"మీ నాన్నను పెట్టుకో. బండి ఉంది."

"పేరు ఇచ్చేశాను."

అడగకుండా ఇచ్చేసింది. శ్రావణంలో స్నానాల గదిలో జారిన దగ్గర్నుంచి నేను గేటు దాటింది ఆసుపత్రికే. ఆ సంగతి తెలియని పిల్ల కాదు.

నవంబరు 11

చొక్కా దొరికింది. పక్కింటి మూటలో కలిసిందట.

నవంబరు 12, బుధవారం

ప్లాన్ తెచ్చింది. ఒకే ఒక్క ఊరు — నెమలి. పొద్దున ఆటో, వేణుగోపాలస్వామి దర్శనం, మండపంలో పులిహోర, మధ్యాహ్నానికి ఇల్లు. అంతే. కింద గుడి బొమ్మ గీసింది. గేటు, ధ్వజస్తంభం, మండపం. దారి పొడవునా మధ్యమధ్య చిన్న చిన్న గుండ్రాలు.

"ఇవేంటి?"

"కూర్చునే చోట్లు."

"యాత్రలో కూర్చోవడం కూడా రాస్తారా ఎవరైనా?"

పెన్సిలు చివర కొరుకుతూ నిలబడింది.

ఎర్ర పెన్ను తీశాను. వారసత్వం అని పేరు పెట్టి ఒక్క గుడి చూపిస్తే అది బద్ధకం కింద లెక్క. కొండపల్లి ఖిల్లా, అక్కడే బొమ్మల వీధి, తర్వాత ఉండవల్లి గుహలు, టైముంటే బెజవాడ మ్యూజియం. మా పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్లిన వరుస ఇదే. ఆటో కొట్టేసి బస్సు అని రాశాను. గుండ్రాలన్నీ కొట్టేశాను.

పద్మ వంటింట్లోంచే అంది, "అత్తయ్యగారూ, ఖిల్లాకు మెట్లుంటాయేమో."

"ఉంటే ఎక్కుతాం."

గిన్నె కింద పెట్టిన చప్పుడు.

నవంబరు 14

పిల్లల పండుగని బడిలో చాక్లెట్లు ఇచ్చారట. లహరి తనది సగం కొరికి నాకు పెట్టింది. షుగరు అన్నాను. "సగానికి సగమే షుగరు" అంది.

నేను దిద్దినట్టే ప్లానంతా మళ్లీ రాసింది. చేతిరాత గుండ్రంగా, బాగుంది. ముఖం మాత్రం వేరొకరి హోంవర్కు చేస్తున్నట్టు ఉంది.

జారిపడ్డాక నాకోసం కొన్న చేతికర్ర బీరువా వెనక మూలనే ఉంది. దుమ్ము తుడిచాను. తుడవడం వరకే.

నవంబరు 15, శనివారం

ప్రసాదు కొట్టు మూసి వచ్చి, కారు మాట్లాడతానన్నాడు.

"ప్లానులో బస్సని రాసుంది."

"రాసింది నువ్వేగా అమ్మా."

రేపటికి: చపాతీలు, మంచినీళ్లు రెండు సీసాలు, మోకాలి పట్టీ, ఆధార్ కార్డులు. పులిహోర వద్దన్నాను, దారిలో చేతులు కడుక్కోవడం ఇబ్బంది.

నవంబరు 16, ఆదివారం, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కార్తీకమాసం ఆదివారం అని నాకు ఎందుకు తట్టలేదో. బస్టాండు నిండా వనభోజనాల వాళ్లు, గంపలు, గిన్నెలు, పసిపిల్లలు. ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా. కండక్టరు కార్డు చూసి సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు. లహరి దాన్ని మడతపడకుండా పుస్తకంలో పెట్టుకుంది, అంటించాలట. ఖర్చు దగ్గర సున్నా వేయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రాదు.

ఒక కాలేజీ పిల్ల లేచింది. "కూర్చోండి మామ్మగారూ."

"పర్లేదమ్మా, దగ్గరే."

తిరువూరు నుంచి కొండపల్లి దగ్గరా. కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. లహరి నా వెనక నిలబడి, నాకు రెండు వైపులా చేతులు చాపి అదే కడ్డీ పట్టుకుంది. బస్సు ఊగితే ఆ చేతుల మధ్యనే ఊగాను. వెనక సీట్లోంచి ఎవరో, "సీటిస్తుంటే కూర్చోదేంటండీ పెద్దావిడ" అన్నారు. ఇంకెవరో, "మా అత్తా అంతే" అన్నారు. నవ్వులు.

మైలవరంలో ఒక సీటు ఖాళీ అయింది. ఖాళీ అయింది కాబట్టి కూర్చున్నాను.

కొండపల్లిలో దిగి కొండ మీదకు ఆటో ఎక్కాం. ఖిల్లా ద్వారం దగ్గర గాలి చల్లగా ఉంది. మొదటి మెట్లు బాగానే ఎక్కాను. ఆ గోడల మధ్య నుంచి అరుచుకుంటూ పోయే పిల్లల్ని వరుసలో పెట్టుకుంటూ ఎన్నిసార్లు ఎక్కానో... తర్వాత మోకాలు. నొప్పి అనను. మోకాలు నాది కానట్టయింది. చెప్పినా వినడం మానేసింది.

మెట్టు పక్కన రాతి అంచు మీద కూర్చున్నాను. ఎండ సూటిగా మొహాన. లహరి ఎండకు అడ్డంగా నిలబడి, ప్లాన్ కాగితం నా తల మీద గొడుగులా పట్టింది. నేను దిద్దిన కాగితం.

"నువ్వెళ్లి చూసి రా. లోపల మహలు ఉంటుంది. గోడల మందం చూడు, కిటికీలు ఎటు పెట్టారో చూడు. రాసుకో."

"ప్రయాణికురాలు ఇక్కడుంటే నేనొక్కదాన్ని వెళ్లి ఏం చేయను?"

పైనుంచి ఒక కుటుంబం దిగుతోంది. వాళ్లలో ఒకాయన ఆగి లహరితో అన్నాడు, నాతో కాదు. "ఇంకా చాలా ఎక్కాలి పాపా. ఈవిడ వల్ల కాదు, కిందికి తీసుకెళ్లు."

పక్కన ఉన్న బస్తాను చూపించి మాట్లాడినట్టు మాట్లాడాడు. చెడ్డవాడేం కాదు.

లహరి చాలా మర్యాదగా అంది. "మేం ఎక్కట్లేదండి. మా ప్లానులో ఇది కూర్చునే చోటు."

ఆయన కాగితం వైపు చూసి, తల ఊపి వెళ్లాడు. ఆ కాగితం మీద ఒక్క గుండ్రమైనా లేదు. అన్నీ నేను కొట్టేసినవే.

చాలాసేపు అక్కడే ఉన్నాం. చపాతీలు అక్కడే తిన్నాం. కిందికి వచ్చాక బొమ్మల వీధిలో ఒకామె గడప దగ్గర కూర్చుని ఏనుగు అంబారీకి రంగు వేస్తోంది. నన్ను చూసి ప్లాస్టిక్ కుర్చీ జరిపింది. "కూర్చోండి పిన్నిగారూ, కొనకపోయినా కూర్చోండి." కూర్చున్నాను. లహరి కింద గొంతుక్కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది. కర్ర ఇంత తేలికేంటి, ముక్కలు దేంతో అతికిస్తారు, మావటివాడి మీసం అంత సన్నగా ఎలా వస్తుంది. ఆమె విసుక్కోలేదు. ఒక మీసం లహరి చేత పెట్టించింది. వంకర వచ్చింది. "ఇది నేను అమ్మనులే, ఉంచుకుంటా" అంది ఆమె.

గుహలు లేవు, మ్యూజియం లేదు. చీకటి పడకముందే ఇల్లు చేరాం. తిరుగు బస్సులో ఒకబ్బాయి లేచాడు. మారు మాట్లాడకుండా కూర్చున్నాను.

నవంబరు 17

మోకాలు వాచింది. పద్మ వేడినీళ్ల సంచి తెచ్చి పెట్టింది. ప్రసాదు ఆయింట్‌మెంటు తెచ్చాడు. ఇద్దరూ ఏమీ అనలేదు. అంటే బాగుండు, జవాబు సిద్ధంగా ఉంది.

నవంబరు 18, మంగళవారం

లహరి రిపోర్టు రాస్తోంది. పక్క నుంచి చూశాను.

"ప్లాన్ సగమే జరిగింది. కారణం:" — తర్వాత ఖాళీ. ఆ ఖాళీ ముందు చాలాసేపు కూర్చుంది.

"రాయి. కారణం: నాయనమ్మ దిద్దడం వల్ల" అన్నాను.

"అలా రాస్తే మేడమ్ నవ్వుతుంది."

"నవ్వనీ. నిజమేగా. మార్కులు నా మూలాన పోకూడదు."

"మార్కులు కాదు నాయనమ్మా..." ఆగింది. "నీ కాలి సంగతి నాకు తెలుసు. అందుకే నెమలి పెట్టాను. నువ్వు కొట్టేసినప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. నువ్వు టీచరువి కదా అని."

నీళ్లు తాగొస్తానని లేచాను. వంటింట్లో కాసేపు ఊరికే నిలబడి వచ్చాను.

వచ్చేసరికి రాసేసింది: "కారణం: చూడబోయే చోట్ల గురించి అన్నీ తెలుసుకున్నాం. చూసే మనిషి గురించి మాట్లాడుకోలేదు."

దిద్దడానికి ఏమీ లేదు. పెన్ను మూత తీయలేదు.

నవంబరు 20

మొదటి ప్లాన్ కుదరకపోతే మార్చుకుని మళ్లీ వెళ్లవచ్చందట మేడమ్. "ప్రయాణికురాలు ఒప్పుకుంటే" అని కూడా అందట. ఆ చివరి ముక్క మేడమ్‌దో లహరిదో.

పాత కాగితం నేను పాడుచేశాను కనుక నెమలి బొమ్మ మళ్లీ గీసింది. గుండ్రాలు వెనక్కి వచ్చాయి.

"ఇన్ని ఊళ్లుండగా నెమలే ఎందుకే?"

"నువ్వే చెప్పావుగా. చిన్నప్పుడు బండి కట్టుకుని తిరునాళ్లకు వెళ్లేవాళ్లమని. రాత్రి మండపంలో పడుకునేటప్పుడు నువ్వు తప్పిపోకుండా మీ అమ్మ తన చెంగుకు నీ చెయ్యి కట్టేసుకునేదని."

నేను చెప్పానా. ఎప్పుడు చెప్పానో గుర్తు లేదు. అన్నం తినిపించడానికి చెప్పి ఉంటాను, దానికి నాలుగేళ్లో అయిదేళ్లో ఉన్నప్పుడు. ఆ ముడి మాత్రం ఇప్పుడు గుర్తొచ్చింది. మణికట్టు దగ్గర, గట్టిగా కాదు, వదులుగా.

ఆదివారానికి ఒప్పుకున్నాను. పులిహోరకు కూడా.

నవంబరు 23, ఆదివారం

మస్తాను ఆటో గేటులోకే వచ్చింది. నేను ఎక్కి సర్దుకునేసరికి లహరి ఇంట్లోంచి కర్ర తెచ్చి పక్కన పెట్టింది.

"అదెందుకు?"

"గుడి దగ్గర కోతులుంటాయి."

"నెమలిలో కోతులా?"

మస్తాను వెనక్కి తిరక్కుండా, "ఈమధ్య వస్తున్నాయండీ బాగా" అన్నాడు. ఇద్దరూ ముందే అనుకున్నారు. అద్దంలో వాడి నవ్వు కనిపిస్తూనే ఉంది.

గంపలగూడెం దాటాక రెండు వైపులా పత్తి. తీతకు వచ్చినవాళ్లు నడుముకు సంచులు కట్టుకుని వరుసగా వంగి ఉన్నారు. మస్తాను నెమ్మదిగా నడిపాడు, గుంతల దగ్గర ఇంకా నెమ్మదిగా.

ఆటో దిగాక కర్ర నా చేతికి ఇచ్చింది. "పట్టుకో, నాకు సంచి ఉంది." పట్టుకున్నాను. పట్టుకున్నాక నేలకు ఆనించకుండా ఎంతసేపని... ఆనించాను. మోకాలికి ఎంత తేడా. ఇది ఈ కాగితానికి తప్ప ఎవరికీ చెప్పను.

గేటు దగ్గర మొదటి గుండ్రం, అరుగు. ధ్వజస్తంభం దాటాక రెండోది. ప్రతిచోటా నేను అడగకముందే, "ఇక్కడ రాసుకోవాలి, ఆగు" అని ఆపింది. నేను కూర్చున్నాను, అది రాసుకుంది. నిజంగా ఏం రాసుకుందో చూడలేదు.

దర్శనం బాగా అయింది. బయటికి వస్తుంటే పూలబుట్టతో ఒకామె ఎదురొచ్చింది. నెరిసిన జుట్టు. నన్ను చూసి బుట్ట కింద పెట్టేసింది.

"టీచరుగారూ! నేనండి, విజయని. మీ దగ్గర పదో తరగతి. మ్యాపులో గోదావరిని కృష్ణ కింద గీసి తన్నులు తిన్నాను."

గుర్తొచ్చింది. వెనక బెంచీ, ఎడమ వైపు.

ఆమె చూపు నా చేతి మీదకు దిగింది. నేను వెంటనే, "కోతుల కోసం" అన్నాను. లహరి మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"కోతులెక్కడున్నాయండీ ఇక్కడ" అంది విజయ. నిజం చెప్పే అలవాటు అప్పుడు లేదు, ఇప్పుడు నేర్చుకున్నట్టుంది. "అయినా మీ చేతిలో బెత్తం లేకుండా నేనెప్పుడు చూశాను టీచరుగారూ? అప్పుడు పొట్టిది, ఇప్పుడు పొడుగుది. అంతేగా."

నవ్వు ఆగలేదు. గుళ్లో అంత గట్టిగా నవ్వడం నాకు నచ్చదు. అయినా ఆగలేదు. విజయ ఒక మూర చామంతులు కోసి లహరి జడలో పెట్టి, "మీ నాయనమ్మ దగ్గర తన్నులు తినకుండా పెరుగుతున్నావా, అదృష్టం" అని వెళ్లిపోయింది.

మండపంలో పులిహోర తిన్నాం. రాయి చల్లగా ఉంది. మేం పడుకున్నది ఏ స్తంభం దగ్గర అని అడిగింది. ఇదీ అని కచ్చితంగా చెప్పలేకపోయాను, చెప్పలేననే చెప్పాను. బండి చప్పుడు, లాంతర్లు, మా అమ్మ పాడి పాడి గొంతు పోగొట్టుకోవడం... అన్నీ చెప్పాను. ఈసారి నిజంగానే రాసుకుంది.

తిరిగి వెళ్లేటప్పుడు జనం పెరిగారు. ఒక చేతిలో కర్ర. రెండో వైపు చూస్తే, లహరి నా చెంగు కొస తన మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకుని నడుస్తోంది. సంచీ సర్దుకుంటూ, ఏమీ ఎరగనట్టు.

నేను కూడా ఏమీ ఎరగనట్టే నడిచాను.

నవంబరు 24

మోకాలు వాయలేదు.

నవంబరు 25, మంగళవారం

అనుకున్నంతా అయింది. శుక్రవారం తరగతిలో ప్రాజెక్టులు చెప్పాలి. ప్రయాణికులు కూడా వచ్చి, యాత్ర ఎలా ఉందో నాలుగు మాటలు చెప్పాలట.

"నేను రాను."

"సరే నాయనమ్మా."

బతిమాలితే కోప్పడదామనుకున్నాను. బతిమాలలేదు.

నవంబరు 26

నెమలిలో కర్ర పట్టుకున్నాను, నిజమే. అక్కడ నన్నెరిగింది విజయ ఒక్కతే. బడి వరండా వేరు. నా చెప్పుల చప్పుడు వినిపిస్తే గదులన్నీ నిశ్శబ్దమయ్యేవి. ఇప్పుడు వినిపించేది కర్ర చప్పుడు.

రాత్రి భోజనాల దగ్గర పద్మ చెప్పింది, లహరి ఒక్కతే చెప్తుందని, మేడమ్ పర్లేదందని. లహరి పప్పు కలుపుకుంటూ తల ఎత్తలేదు. మామూలుగా రెండుసార్లు వడ్డించుకుంటుంది. ఇవాళ ఒకసారే.

నవంబరు 27, గురువారం

నా దిండు పక్కన కాగితం. మూడో ప్లాన్. మాటలేమీ లేవు, బొమ్మ ఒక్కటే. బడి గేటు, వేపచెట్టు, వరండా, చివర తొమ్మిదో తరగతి గది. గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీకి ఒక గుండ్రం. వేపచెట్టు కింద సిమెంటు బల్లకి ఒకటి. తర్వాత వరండా అంతా ఖాళీ.

ఆ వరండా పొడుగు నాకు తెలుసు. అంత దూరం ఒక్క ఊపున నడవలేను. లహరి అది కొలవలేదు, పిల్ల కాళ్లకు తెలియదు.

అక్కడ రెండో స్తంభానికి దిగువన ఎత్తు అరుగు ఉంటుంది. పరీక్షల రోజుల్లో హాలు టికెట్లు చూడటానికి నేను కూర్చునేదాన్ని. ఇప్పటికీ ఉండాలి, పగలగొట్టకపోతే.

ఎర్ర పెన్ను తీశాను. స్తంభం దగ్గర ఒక గుండ్రం గీశాను. ఇంకేమీ దిద్దలేదు.

కాగితం లహరి పుస్తకాల మీద పెట్టాను. వస్తానని మాత్రం చెప్పలేదు.

నవంబరు 28, శుక్రవారం, పొద్దున

పాలు లీటరు.

లహరి కాగితం చూసుకుంది. రెండు జడలకూ రిబ్బన్లు తనే కట్టుకుని, వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, "మాది మూడో పీరియడు" అంది. అంతే.

పద్మ నా నీలం అంచు చీర ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది. నేను అడగలేదు. బీరువా వెనక మూల ఖాళీ. కర్ర గడప దగ్గరికి ఎప్పుడొచ్చిందో తెలియదు. బయట మస్తాను ఆటో ఆగి ఉంది. కిరాయికి ఎవరికోసమో, అడగాలి.

రెండో పీరియడు గంట ఇంటిదాకా వినిపించింది. చీర మడత విప్పాను...